కూత ఉందా?

నూకరత్నం ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని, ఉప్మా దగ్గరపడేలోగా హంతకుడెవరో తేల్చేసేది. ఆవిడ అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. పాత పేపర్ల కొట్లో తూకానికి కొనుక్కొచ్చిన డిటెక్టివ్ నవలలు వాళ్ళింట్లో బియ్యం డబ్బా మీద, కుట్టుమిషను మీద, ఆఖరికి స్నానాలగది కిటికీలో కూడా ఉండేవి. ఇంట్లో ఏ వస్తువూ సరిగ్గా ఉండదని భర్త త్రినాధరావు గొణిగేవాడు. కుక్కరుకి విజిల్ రాదు, స్కూటీకి అద్దం లేదు, మంచం కింద చెప్పులు వెతికితే శవాల బొమ్మలున్న అట్టలు చేతికొస్తాయి. ఆవిడ వినిపించుకునేది కాదు.

ఆవిడకో సిద్ధాంతం ఉంది. పాత డిటెక్టివ్ కథల్లో ఆట లేకుండా నేరం జరగదు. దొరల కథలైతే గోల్ఫ్ మైదానంలో శవం, క్రికెట్ మ్యాచ్ మధ్యలో టీ కప్పులో విషం. మన కథలైతే చదరంగం బల్ల, గుర్రప్పందాలు. రచయిత ఆ ఆటని ఊరికే పెట్టడు. మాటల్లో ఎవడైనా పెద్దమనిషే, బంతి చేతికొచ్చాకే అసలు బుద్ధి బయటపడుతుంది.

"ఎవడు తొండి ఆడేడో చూడవే. ఆఖరి పేజీలో బేడీలు వాడికే" అని కూతురు సుప్రియకి చెప్పేది. "ఇంకోటి. రాసేవాడు కూడా తొండి ఆడకూడదు. ఆధారాలన్నీ మన కళ్ళ ముందే పెట్టాలి. మనకి కనపడలేదంటే తప్పు మనదే."

ఇంటర్ చదువుతున్న సుప్రియ ఇవన్నీ విని నవ్వేది. కబడ్డీలో జిల్లాలోకల్లా మంచి రైడరు. రాష్ట్ర జట్టు సెలక్షన్స్ దగ్గరకొస్తున్నాయని, కాళ్ళకి బలం రావాలని, ఈమధ్య స్కూటీ ముట్టుకోకుండా ప్రాక్టీసుకి నడిచే వెళ్తోంది. పిల్ల పట్టుదల చూసి తల్లి మురిసిపోయింది.

వాళ్ళ ఊరు అనకాపల్లి నుంచి కొండకర్ల వెళ్ళే దారిలో ఉంది. ఊరి చివర చెరకు తోటల పక్కన కబడ్డీ కోర్టుంది. అబద్ధం మోసుకుంటూ ఆ కోర్టులో దిగినవాళ్ళకి కూత నిలవదు, అబద్ధపు మాటా పలకదు. ఊపిరి ఆడుతుంది, పెదాలు కదులుతాయి, శబ్దం మాత్రం రాదు. కొన్ని బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆ కోర్టూ అంతే. ముందురోజు తాగి, తాగలేదని పెళ్ళానికి చెప్పినవాళ్ళు ఆదివారం మోకాలి నొప్పంటూ గట్టు మీద కూర్చునేవారు. ఓట్లకొచ్చిన నాయకులు తెల్లగీత అవతలే మైకు పెట్టించుకునేవారు. గీత దాటి బయటికొస్తే ఎవరి అబద్ధాలు వాళ్ళవి, ఇబ్బందేమీ ఉండదు.

కిందటి నెలలో పరదేశి తాత చెరకుతోటకి నీళ్ళు కట్టి, సందెవేళ ఇంటికొస్తుంటే, మలుపు దగ్గర వెనక నుంచి ఎవరో బండితో గుద్ది ఆగకుండా వెళ్ళిపోయారు. కాలు విరిగింది, తల చిట్లింది. కాసేపటికి అటొచ్చిన తారక్ ఆయన్ని ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చేడు. తారక్ పరవాడ కంపెనీ బస్సు నడుపుతాడు, వాడికో మోటారు సైకిలు కూడా ఉంది. చొక్కా నిండా రక్తంతో వచ్చిన వాణ్ణి ఊరంతా మెచ్చుకుంది. అలా మెచ్చుకుంటూనే ఉండేది, నూకరత్నం నోరు విప్పకపోయుంటే.

"శవాన్ని ముందు చూసినవాణ్ణే ముందు అనుమానించాలి. ఇక్కడ మనిషి బతికేడు, అంతే తేడా. పైగా అనకాపల్లి టోర్నమెంటులో వీడు తగలకుండానే తగిలిందని పాయింటు కొట్టేసేడు. తొండి ఆడేవాడు ఇంకేదైనా చేత్తాడు."

ఆవిడ మాటకి ఊళ్ళో విలువెక్కువ. ఆ మాట కుళాయి దగ్గర్నుంచి టీకొట్టుకి, టీకొట్టు నుంచి పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. కంపెనీవాళ్ళు తారక్‌ని బస్సెక్కొద్దన్నారు. ఎస్సై స్టేషనుకి రమ్మని కబురు పెట్టేడు. ఇంట్లో వాడి పేరెత్తితే సుప్రియ సగం అన్నంలో లేచిపోయేది, సెలక్షన్స్ బెంగ అనుకుంది తల్లి. తారక్ మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాడు.

"కోర్టులో దిగుతాను. తాత రాగానే ఊరందరూ రండి."

పరదేశి తాత ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం పొద్దున్నే, కాలికి సిమెంటు కట్టుతో ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టేరు. రిఫరీ ఎప్పట్లాగే నూకరత్నం. గీత బయట మాట చెప్పి, లోపల కూత పెట్టాలి. అదీ పద్ధతి.

"తాతని గుద్దింది నేను కాదు" అని తారక్ గీత దాటేడు.

కూత మొదలైంది. గంట కొట్టినట్టు ఖణేలుమంటోంది. అవతలి గీత దాకా వెళ్ళేడు, తిరిగొచ్చేడు, మధ్యగీత దాటేక కూడా ఆపలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, కూత మాత్రం ఆగడం లేదు. ఆఖరికి వాళ్ళ బావలే పట్టుకుని ఆపేరు.

నూకరత్నం లెక్క తప్పింది. ఇన్నేళ్ళలో ఏ నవలా ఆవిడకి ఇంత పని చెయ్యలేదు. ఊరంతా తనవైపే చూస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గొంతు పెంచింది.

"అయితే ఆ దారిలో బండి నడిపేవాళ్ళందరూ దిగాల్సిందే. ఎవరో ఎందుకు, ముందు మా ఇంటి నుంచే మొదలెడదాం. సుప్రియా, రా!"

"అమ్మా, నాకు ఒంట్లో బాగులేదు."

"ఒక్క రైడే కదే! సెలక్షన్స్‌కి వెళ్ళే పిల్లవి, నడు."

సుప్రియ తల్లి మొహం కేసి చూసింది. గీత బయట నిలబడి, గుద్దింది నేను కాదని చెప్పి, లోపలికి అడుగు పెట్టింది.

సుప్రియ కూత సన్నం. పక్కనే నడిచే రిఫరీకి తప్ప ఇంకెవరికీ వినపడదు. జనం పెదాలు చూసి, కూత ఉందనుకుంటారు. ఆ రోజూ పెదాలు కదిలాయి. పిల్ల చురుగ్గా వెళ్ళింది, అవతల నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకణ్ణి తాకింది, వెనక్కి వచ్చేసింది. జనం చప్పట్లు కొట్టేరు.

నూకరత్నం పక్కనే నడిచింది. చెవి పెట్టి మరీ నడిచింది. ఏమీ వినపడలేదు.

స్కూటీకి నెల నుంచి అద్దం లేదు. బండి ఉండగా పిల్ల నడిచి వెళ్తోంది. తారక్ పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతోంది. రాసేవాడెవడో తొండి ఆడలేదు, అన్నీ తన ఇంట్లోనే, తన కళ్ళ ముందే పెట్టేడు. ఓరి దేవుడా, అనుకుంది.

"అమ్మా రత్నం" అని పిలిచేడు పరదేశి తాత. ఆయనకి చెవులు బాగా పనిచేయవు, అందుకే అడిగేడు. "మీ పిల్లగుంటకి కూత ఉందేటి?"

ఉంది అందామని నోరు తెరిచింది. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. తను నిలబడింది కూడా గీత లోపలే.

గీత పక్కనే ఉంది. ఒక్క అడుగు బయట పెడితే చాలు, ఉంది తాతా అని హాయిగా చెప్పొచ్చు, ఎవరూ అడగరు. సుప్రియ తర్వాత దిగేవాళ్ళలో ఎవరో ఒకరి మీద అనుమానం నిలుస్తుంది, లేకపోతే ఎవరి మీదా నిలవదు. పిల్ల సెలక్షన్స్‌కి వెళ్తుంది. విజిల్ ఊదితే ఆ స్టేషను మెట్లు ఎక్కేది సుప్రియే. నూకరత్నం కాలు ఎత్తింది కూడా. అప్పుడు గట్టు కింద తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న తారక్ కనిపించేడు.

ఎత్తిన కాలు ఉన్నచోటే దించి, విజిల్ నోట్లో పెట్టుకుని ఊదింది. ఆ విజిల్ తోటల అవతలి దాకా వినపడింది.

"కూత లేదు" అంది. "సుప్రియ అవుట్."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సుప్రియ కోర్టు మధ్యలో కూలబడిపోయింది. అప్పుడు వచ్చింది దానికి గొంతు.

"తాతా, నేనే. మలుపులో కనపళ్ళేదు. నువ్వు పడిపోయేవని తెలిసి కూడా, భయమేసి వెళ్ళిపోయేను."

పరదేశి తాత కుర్చీ పట్టుకుని ముందుకి వంగేడు. తారక్ తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయేడు. నూకరత్నం కూతురి పక్కన మట్టిలో కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదే? అమ్మని కదా!"

"చెప్దామనే మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వచ్చేనమ్మా" అంది సుప్రియ. "నువ్వు ఉప్మా కలుపుతున్నావు. తారకే చేసేడు, ఇందులో తిరుగులేదు అని నాన్నకి చెప్తున్నావు. నువ్వెప్పుడూ తప్పు చెప్పవు కదా. వినే మొహం కనపళ్ళేదమ్మా నీది."

ఇద్దరూ గీత లోపలే ఉన్నారు. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆగలేదు.