అమ్మ పంచిపెట్టిన మాటలు

ఊరందరి ఫొటోలూ తీసిన అమ్మకు తన ఫొటో ఒక్కటీ లేదు. స్టూడియోలో ఎప్పుడు చూసినా కెమెరా వెనకే ఉండేది మహాతల్లి. ఆవిడ పోయాకే చిన్నకూతురు చిట్టికి ఆ సంగతి తట్టింది.

ఉన్నదల్లా అమ్మ తనను తాను తీసుకున్న ఒక్క వీడియో. వెనకటికి హార్డ్ డిస్క్ పాడై సగం వీధి పెళ్ళిఫొటోలు గాల్లో కలిసిపోయాయి. అప్పటినుంచీ అమ్మ ఏ పెట్టెనూ నమ్మలేదు. ముఖ్యమైనవన్నీ, ఆ వీడియోతో సహా, ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకుండా బ్లాక్‌చెయిన్ మీద నడిచే నెట్‌వర్క్‌లో దాచేది. అది ఫైలుకు తాళం వేసి, ముక్కలు చేసి, ముక్కూమొహం తెలియనివాళ్ళ కంప్యూటర్లలో తలా ఒకటి పెడుతుంది. ఒక యంత్రం చచ్చినా ఇంకోటి ఆదుకుంటుంది. తాళంచెవి మాత్రం కొన్ని మాటల వరస. అది మరిచిపోతే మొర పెట్టుకోవడానికి ఆఫీసంటూ ఉండదు.

ఆ మాటలను అమ్మ ముగ్గురు పిల్లలకూ తలా కాసిని బట్టీ పట్టించింది. ఎవరివి ముందో మాత్రం చెప్పకుండా పోయింది.

"పెద్దవాణ్ణి, నావే ముందు" అని బస్సు డ్రైవరు అన్నయ్య కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కుని తనవి, తర్వాత చెల్లెళ్ళవి కొట్టాడు. వరస తప్పని తెర ఎర్రబడింది. నర్సు అక్కయ్య అతన్ని పక్కకు నెట్టి తనవి ముందు కొట్టింది. మళ్ళీ ఎరుపే. అన్నయ్య మాటల్లో 'గాడిద' వచ్చినప్పుడల్లా అక్కయ్య పడీపడీ నవ్వుతోంది, అతను మూతి ముడుచుకుంటున్నాడు. చిట్టికీ నవ్వాగడం లేదు. కానీ ఎవరైనా ఒక్క మాట మరిచిపోయి ఉంటే అమ్మ మొహం ఇక ఎప్పటికీ కనబడదని లోపల ఒకటే బెదురు.

"అన్నయ్యా, అమ్మ ముందు ఎవరికి వడ్డించేది?" అంది చిట్టి ఉన్నట్టుండి.

అన్నయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ముందు చిన్నదానికి, తర్వాత అక్కయ్యకు, అడుగూ బొడుగూ గిన్నెతో సహా అన్నయ్యకు. ఆ ఇంట్లో ఏనాడూ ఇంకో వరస లేదు.

చిట్టి తన మాటలు కొట్టింది. తర్వాత అక్కయ్యవి. చివర్లో గాడిదతో సహా అన్నయ్యవి. తెర పచ్చబడింది. ఎక్కడెక్కడి యంత్రాల్లోంచో ముక్కలు పరిగెత్తుకొస్తుంటే ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు నొక్కేసుకున్నారు.

తెర మీదికి అమ్మ వచ్చింది. ముందు గడ్డం, తర్వాత ఒక చెవి. ఊరందరినీ చక్కగా చూపించిన మనిషికి తన కెమెరాలో తాను పట్టడం చేతకాలేదు. చివరికి మొహమంతా, నవ్వుతూ.

"పెద్దాడా, నీ మాటలే ముందు కొట్టావు కదూ?" అంది.

"అవునమ్మా" అన్నాడు అన్నయ్య, కళ్ళు తుడుచుకుంటూ తెరకే జవాబిస్తూ.