తడిగాలి

ఆమె వదిలివెళ్ళిన ఆఖరి స్ఫటికపు ముక్కను ఆమె తమ్ముడే పాడుచేశాడు. అందులో వాదించడానికేమీ లేదు.

ఆమె భర్త ఒక ప్రయోగశాలలో గాజు ఊది గొట్టాలు చేసేవాడు. చదివింది ఏడో తరగతి. ఆమె అక్కడే పరిశోధకురాలు. నైట్రైడు అనే ఒక లోహ సమ్మేళనాన్ని బాగా చల్లబరిస్తే అయస్కాంతమవుతుందనీ, అదే ముక్కలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుందనీ ఆమె కనిపెట్టింది. అయస్కాంతం ఉన్నచోట ఆ పారుదల చచ్చిపోవాలని పుస్తకాల మాట. ఒక ఒరలో రెండు కత్తులా అని శాఖ పెద్దలు నవ్వారు. రెండు రకాల పొడి కలిసిపోయి ఒక్కోటి ఒక్కో గుణం చూపుతోందేమో చూసుకోమన్నారు.

"మనం ఇమడలేదూ?" అనేది ఆమె, ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ. "ఇద్దరం కత్తులమే. పాపం, మన ఒర ఈ రెండు గదుల ఇల్లు."

ఆ నైట్రైడుకు తడిగాలి గిట్టదు. తగిలితే అమ్మోనియా కంపు కొట్టి బూడిదవుతుంది. అందుకే మంచం పట్టేముందు, రెండు గుణాలూ ఒకే స్ఫటికంలో ఉన్నాయని తేల్చగల ఒకే ఒక్క ముక్కను భర్త చేతే గాజుగొట్టంలో పెట్టి మూయించింది. తాను పోతే తమ్ముడు కొలవాలంది. తమ్ముడిదీ ఆ శాఖే.

ఆమె పోయాక, ముసురు పట్టిన ఓ పొద్దున బావమరిది గొట్టం కోసం వచ్చాడు.

"పొడిపెట్టెలోనే విరువు" అన్నాడాయన. తడిలేని వాయువు నింపిన అద్దాల పెట్టె అది. దానికి అతికించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పనిచేయాలి.

"తాతకు దగ్గులు నేర్పుతావా బావా!"

మధ్యాహ్నం నడవాలో ఆ కంపు ముక్కుకు తగిలింది. ఆయన పరుగున వెళ్ళాడు. బావమరిది గది కిటికీ బార్లా తీసి ఉంది. బల్లమీద విరిగిన గొట్టం. నల్లగా మెరవాల్సిన ముక్క అంచుల నుంచి తెల్లగా పొడి రాలుతోంది.

"తొడుగుల్లో పట్టు దొరకలేదు బావా. ఒక్క క్షణం బయట విరిచి లోపల పెడదామనుకున్నా. ఫోనొచ్చింది. అయినా ఇంత మందంగా ఎవడైనా మూస్తాడా?"

మందంగానే మూశాడు. అప్పటికే ఆమె చేతులు వణుకుతున్నాయి. జారినా పగలకూడదనుకున్నాడు.

కొలిస్తే అయస్కాంతమూ లేదు, పారుదలా లేదు. పెద్దలు ఎందుకని అడిగారు. మధ్యాహ్నం మందమన్న నోరే సాయంత్రం వాళ్ళ ముందు, "గొట్టం సరిగా మూతపడలేదండి, గాలి దూరింది" అంది. ఆయన అక్కడే ఉన్నాడు. జరిగింది చెప్పాడు. పెద్దలు బావమరిది వంక చూశారు. బావమరిది నేల చూశాడు. మొదట్నుంచీ ఆ ముక్కలో ఏమీ లేదేమోనని ఒకాయన లేచాడు. ఆమె మాట అక్కడితో సరి.

వారం తర్వాత బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"భయమేసింది బావా. అక్క ఉంటే క్షమించేది."

"వాళ్ళకి నిజం చెప్పొచ్చావా?"

"నా ఉద్యోగం..."

"అయితే విను. ఇక ఆ ముక్క ఊసు నా దగ్గర ఎత్తకు. నేనూ ఎవరి దగ్గరా ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."

తలుపు మూశాడు. మూయడం ఆయనకు చేతనైన పని.