దీపాలు పెట్టినాక తొడిగే కోటు

నంద్యాల టైలరు గురుస్వామికి మొండితనం పుట్టుకతో వచ్చింది. దానికి బెంగళూరు కంటోన్మెంటు దండులో దొరల బట్టలు కుట్టిన పదేళ్లు తోడయ్యాయి. అక్కడ రాత్రి విందు కోట్లు ఎన్ని కుట్టాడో లెక్కలేదు గానీ, ఒక్కటీ మనిషి ఒంటిమీద చూడలేదు. అందుకే మేనల్లుడు యేసురత్నం పెళ్లికి పట్టు కాలరు పెట్టి, నల్ల ఉన్ని కోటు నెలరోజులు కూర్చుని కుట్టాడు. కళ్లారా చూడాలని ఆశ.

ఆళ్లగడ్డ చర్చిలో పెళ్లి, పొద్దున పదింటికి. మే నెల. తీరా పెళ్లికొడుకు కోటు అడిగితే గురుస్వామి మూట ఒళ్లోంచి దించలేదు.

"ఇది పొద్దుగూకినాక తొడిగేది రా. పగలు తొడిగితే దొరలు నవ్వుతారు."

"ఈడ దొరలు యాడుండారు మామా?" అన్నాడు యేసురత్నం.

"విను. ముందు దొరలది తోక కోటు. గుర్రమెక్కనీకి అడ్డమని ముందర కోసినారు, వెనక తోక మిగిలె. కుర్చీలో కూచోని తిననీకి తోకా అడ్డమని ఎవురో రాజుబిడ్డ దాన్నీ కోయించె. రాత్రి అన్నం కాడికి పుట్టిన కోటు ఇది. పగలెట్ల తొడుగుతావ్?"

పాస్టరుగారికి మధ్యాహ్నం శిరివెళ్లలో ఇంకో పెళ్లి ఉంది, పొద్దుగూకేదాకా ఆగరు. పెళ్లికూతురి తల్లి లూదియా విసిగిపోయింది. "కిటికీలు మూయండప్పా. లైట్లు ముట్టించండి. రాత్రయినట్లే" అంది.

గురుస్వామి మూట విప్పాడు. తలుపులూ కిటికీలూ మూసి రెండు పెట్రోమాక్సులు వెలిగించారు. కోటు తొడుక్కుని యేసురత్నం నిలబడితే గురుస్వామి గుండె నిండిపోయింది. అబ్బ, ఏం కోటది! జనం మాత్రం ఆవిరికుడుముల్లా ఉడికిపోతున్నారు.

రెండో పాటకే పెళ్లికొడుకు చెవుల వెంట చెమట ధారకట్టింది. "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టరుగారు అడిగితే పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్లీ అడిగారు. యేసురత్నం నిలబడినచోటే ఊగాడు.

పెళ్లికూతురు ప్రేమకుమారి ముసుగు ఎత్తి గురుస్వామిని చూసింది. "నీకు కోటు కావల్నా మామా, మనిషి కావల్నా?"

గురుస్వామికి సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. లేచి వెళ్లి, తను కుట్టిన గుండీలు తనే విప్పాడు. కిటికీలూ తనే తెరిచాడు. గాలి తగిలాక, "ఒప్పుకుంటాండా" అన్నాడు యేసురత్నం తడిచొక్కాతో.

సాయంత్రం పందిట్లో దీపాలు పెట్టాక ప్రేమకుమారి ఎవరూ చెప్పకుండానే కోటు తెచ్చి మొగుడికి తొడిగింది. యేసురత్నం చాపమీద బాసింపట్టు వేసుకుని విస్తరి ముందు కూర్చున్నాడు. మొదటి ముద్దకే పొట్టేలు పులుసు పట్టు కాలరుమీద పడింది. పంక్తి అంతా చేతులాపి గురుస్వామి వైపు చూసింది.

అతను తన విస్తరి సంగతే మరిచిపోయి, మేనల్లుణ్ణే చూస్తున్నాడు.

"ఇంకా పొయ్యండప్పా పులుసు," అన్నాడు, "మా అల్లుడు తింటాండాడు."