బ్యాటరీ కింద ఓణీ

పెద్దేముల్‌కు ఇంకా కరెంటు రాలేదు. హైదరాబాదులో పాత కారు కొన్నప్పుడు పాండురంగానికి ఆ సంగతి గుర్తు రాలేదు. కారు నల్లదే గానీ, బూడిదలో పొర్లిన బర్రెలా ఉండేది. కూతురు మొగులమ్మను వికారాబాదు బడిలో చేర్చడానికి రెండు రోజుల్లో అందులోనే పోవాలి.

"గీ బండిల దిగితే అందరు నవ్వుతరు. జర మెరిపియ్యాలె" అని, కరెంటు లేకున్నా బ్యాటరీతో పాలిషు పెట్టే తాండూరు మెకానిక్ ముర్తుజాకు కబురు పెట్టాడు.

మొగులమ్మకు నలుగురి ముందు నోరు పెగలదు. "ఆడ గూడ గిట్లనే మూగదాని లెక్క నిలవడితే వాపస్ తీస్కొస్త. మళ్ల సదువు మాట ఎత్తొద్దు" అని తండ్రి ముందే చెప్పాడు.

ప్రయాణం ముందురోజు పొద్దున ఆమె చాకలింటి నుంచి గంజి పెట్టిన కొత్త తెల్ల ఓణీ తెచ్చుకుంటోంది. రోడ్డు మీద బస్సు ఆగి ముర్తుజా దిగాడు. ఒక చేతిలో మోటారుగా వాడే పాత డైనమో, దాని మొనకు బిగించిన పాలిషు ఉన్ని చక్రం. ఇంకో చేతిలో ఛార్జి చేయించి తెచ్చిన కారు బ్యాటరీ. దాన్ని కింద పెట్టి, బిరడాలు విప్పి, సీసాలోంచి కొంచెం కొంచెం పోశాడు.

"ఏం పోస్తున్నవ్ చిచ్చా?"

"నీళ్లు బిడ్డా. గిదానికి గూడ దూప అయితది" అని నవ్వాడు. "రెండు మొయ్యలేకపోతున్న. గిది జర పట్టు."

మొగులమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. తాండూరులో ఎవరో కరెంటు తగిలి పడిపోయారని విన్నది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. బట్టలోంచి కరెంటు పోదంటారు కదా అని కొత్త ఓణీని మందంగా మడతలు పెట్టి, చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. దాని మీద బ్యాటరీ. ఇల్లు చేరేదాకా ఊపిరి బిగబట్టే నడిచింది. దించి చూస్తే ఓణీ అక్కడక్కడా తడిసింది. నీళ్లే కదా అనుకుని ఆరేసి, మడిచి దాచుకుంది.

ముర్తుజా రెండు లావు తీగలు బ్యాటరీకి తగిలించగానే డైనమో గుర్రుమంది. ఉన్ని చక్రం గిర్రున తిరిగింది. చూడవచ్చినవాళ్లు వెనక్కి జరిగారు.

"షాకు కొట్టదా?" అన్నాడు పక్కింటి ఎల్లప్ప.

ముర్తుజా బ్యాటరీ మొనల మీద రెండు వేళ్లు పెట్టి చూపించాడు. "గింత దానికి కొట్టది మామా. మా ఇంటామె గింతకన్న ఎక్కువ కొడతది. రా, ముట్టుకో."

ఎల్లప్ప చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బ్యాటరీ నీరసపడేసరికి కారు తలుపు అద్దమైపోయింది. అందులో తన మీసం చూసుకుని ఎల్లప్ప నివ్వెరపోయాడు.

తెల్లారకముందే మొగులమ్మ చీకట్లో ఆ ఓణీ వేసుకుంది. రాత్రి అక్కడే ఉన్న ముర్తుజా హ్యాండిల్ తిప్పి కారు లేపి, తనే నడిపాడు. వికారాబాదు బడి ముందు ఆగగానే పిల్లలు మూగారు. మొగులమ్మ దిగి, తలుపు వేయడానికి వెనక్కి తిరిగింది.

తలుపులో ఒక పిల్ల కనబడింది. ఆ పిల్ల భుజం మీద ఓణీ అంతా చిల్లులు. మొగులమ్మ తన భుజం మీద చెయ్యి వేసింది. బట్ట కాలిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏందే గిది? ఎలుకలు కొట్టినయా?" అన్నాడు పాండురంగం.

"నిన్న... బ్యాటరీ కింద ఓణీని చుట్ట పెట్టుకున్న నాయిన."

ముర్తుజా గబగబా దగ్గరికి వచ్చాడు. ఆమె తల వంచి, జుట్టు పాయలు తీసి చూశాడు. "మంట ఉన్నదా బిడ్డా? కండ్లల్ల గిట్ల పడ్డదా?"

"లేదు చిచ్చా. నీళ్లే అంటివి గద."

"పోసింది నీళ్లే. లోపల ఉండేది తేజాబ్, యాసిడ్. తోలు ఊడొస్తది. గంత మందం బట్ట లేకుంటే..."

పాండురంగం తన కండువా తీసి కూతురికి చుట్టూ కప్పాడు. "సదువు వద్దు, ఏమొద్దు. ఇంటికి పోదాం పా."

వరండాలోంచి పెద్దసారు కేకేశాడు. "ఏమైందమ్మా?"

తండ్రి జవాబు చెప్పబోయాడు. అంతలోనే ఇంకో గొంతు వినిపించింది.

"బ్యాటరీ మోసిన సార్. తేజాబ్ కారి ఓణీ కాలింది. నెత్తి మంచిగనే ఉంది. ఎనిమిదో క్లాసుల చేరనీకె వచ్చిన."

పాండురంగం కూతురి వైపు తిరిగాడు. కారు తలుపులో కండువా కప్పుకున్న పిల్ల పెదాలు ఇంకా వణుకుతున్నాయి. మాట్లాడింది తనేనా అని మొగులమ్మ ఆ పిల్లనే చూస్తోంది.