ముళ్ళు గొరిగిన మొక్క

మార్చి ఇరవై రెండు, ఆదివారం. మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన గుడ్లు, కొంచెం మాడిన బంగాళాదుంపలు తిన్నాం. మాడింది నా వల్లే. మా అమ్మాయి మాడిన ముక్కలు ఏరి తన పళ్ళెంలో వేసుకుంది. తిన్నాక నేను సబ్బులు కొనడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అల్లుడు పడగ్గది కిటికీ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దారాలు కత్తిరించే చిన్న కత్తెరతో మొక్క ముళ్ళు కోస్తున్నాడు.

అది ముళ్ళ కిరీటం మొక్క. చనిపోయిన మా ఆవిడ ఎప్పుడో వేలెడంత కొమ్మ తెచ్చి నాటింది. ఇప్పుడు రెండు మూరలు దాటింది. కాడ నిండా సూదుల్లాంటి ముళ్ళు, చివర్లలో ఎర్రటి పూలు. నీళ్ళు ఎక్కువైతే కుళ్ళిపోతుంది గానీ, ఎండ ఉంటే చాలు, ఏడాది పొడవునా పూస్తుంది. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా ఆవిడ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. తిడుతూనే కుండీని ఎండ వైపు తిప్పేది.

మా ఇంట్లో ఎండ వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. అమ్మాయి వాళ్ళ ఇంటి కప్పు విప్పి మరమ్మతు చేయిస్తున్నారని ముగ్గురూ నా దగ్గరికి వచ్చినప్పుడు, ఆ గది వాళ్ళకిచ్చి నేను వెనక గదికి మారాను. మొక్క మాత్రం ఎండలోనే, పీట మీద ఉండిపోయింది. మనవడు ఈమధ్యే దొరికినదల్లా పట్టుకుని నిలబడడం మొదలుపెట్టాడు.

"వచ్చారా మామయ్యా! చూడండి, ఎంత నున్నగా గొరిగేశానో. మన బుడంకాయ ఇక కౌగిలించుకున్నా ఏం కాదు."

కత్తెర లోతుగా దిగిన చోటల్లా తెల్లటి పాలు కారుతున్నాయి. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో వెనక బెంచీల గోల విని కూడా ఏనాడూ గొంతు పెంచని వాణ్ణి. ఆ క్షణాన నా ఒళ్ళు భగ్గుమంది.

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని? ముదురు కాడ మీద పోయిన ముల్లు మళ్ళీ వస్తుందా? మీ బట్టల ఫ్యాక్టరీలో ఎవడైనా మీ కత్తెర అరగదీసేస్తే ఊరుకుంటారా?"

అమ్మాయి పిల్లవాణ్ణి చంకనేసుకుని పరుగున వచ్చింది.

"ఏంటి నాన్నా ఆ అరుపులు? నేనే చెయ్యమన్నా. నిన్న వీడి కన్ను వెంట్రుకవాసిలో తప్పింది. నీకు మనవడు ఎక్కువా, మొక్క ఎక్కువా?"

"మొక్కే!"

అన్నాక నోరు మూసుకున్నాను. కానీ అనేశాను.

"సరే. సాయంత్రమే వెళ్ళిపోతాం."

"ఎక్కడికి? కప్పు లేని ఇంటికా?"

"ముళ్ళు లేని ఇంటికి."

మా ఇద్దరి మధ్యా నలిగిపోతున్న అల్లుడు నుదుటి చెమటను చేత్తో తుడుచుకుంటూ కన్ను కూడా నలుపుకున్నాడు. మరుక్షణం పెద్దగా అరిచాడు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. మా ఆవిడ తొడుగుల్లేకుండా దాని కొమ్మ తుంచేది కాదు.

చొక్కా పట్టుకుని లాక్కెళ్ళి అతని తల కుళాయి కింద పెట్టాను.

"కన్ను మూయకండి!"

"మంట మామయ్యా!"

"తెరవరా! తెరువు వెధవా! మండితే మండనీ!"

పెళ్ళినాటి నుంచి అతన్ని 'మీరు' తప్ప మరో మాట అనలేదు. ఇప్పుడు రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, నీళ్ళు ధారగా పోస్తూ, ఆపకుండా తిట్టాను.

"ఇన్నిన్ని బట్టలు కొలతలేసి కోస్తావు, బుర్ర లేదూ? గది మార్చుకుందాం మామయ్యా అని ఒక్క మాటంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"గది... మీరే ఇచ్చారు... మళ్ళీ అది బాలేదని... ఎలా అనను?" నోట్లోకి పోతున్న నీళ్ళు ఉమ్ముతూ అన్నాడు.

నా కోపం రెట్టింపైంది. "అనాలి! అరవాలి! నేనేమన్నా పులినా?"

"ఇప్పుడు అలాగే ఉన్నావు" అంది అమ్మాయి, తువ్వాలు పట్టుకుని నిలబడి.

వెంటనే కడగబట్టి చూపు దక్కిందని కంటి డాక్టరు చెప్పాడు. మందు వేసి కట్టు కట్టాడు.

ఇంటికొచ్చి, తొడుగులు వేసుకుని, కోసిన చోట్ల చల్లటి నీళ్ళు చల్లి పాలు కారడం ఆపాను. పై జానెడు కాడ దాకా కత్తెర పోలేదు. అక్కడ ముళ్ళున్నాయి, పూలున్నాయి. అయినా కింద బోసిగా ఉన్న కాడ చూస్తుంటే కడుపు మండుతూనే ఉంది.

వెనకాల అమ్మాయి నా పరుపు ఈడ్చుకొచ్చి మంచం మీద ధన్‌మని పడేసింది. దిండు దాదాపు నా మొహానే విసిరింది.

"మొక్కే ఎక్కువన్నావుగా, దాంతోనే పడుకో. మేం వెనక గదిలో ఉంటాం."

"వెళ్ళిపోతామన్నావు?"

"ఒంటి కన్ను మొగుణ్ణేసుకుని ఎక్కడికి పోను?"

రాత్రి దీపం ఆర్పి పడుకున్నాను. నిద్ర పట్టలేదు, కోపమూ చల్లారలేదు. హాల్లో నేల మీద చిన్న అరచేతుల చప్పుడు నా గది వైపే వచ్చింది. ఆ వెనకే అమ్మాయి అడుగులు. పిల్లవాణ్ణి గుమ్మంలోనే ఎత్తుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపు అక్కడే నిలబడి, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.