క్యాలెండర్ మీది పిట్ట

మా ఆయన దేవానందం ఉగాండా నుంచి తెచ్చిన ఫోటో చూసి మా తెలుగు సంఘమంతా మురిసిపోయింది. నేను మాత్రం మొహం తిప్పుకున్నాను. ఇప్పటికీ తిప్పుకుంటూనే ఉన్నాను.

ఫోటోలో ఉన్నది ఒక చిన్న పిట్ట. ఆకుపచ్చ రొమ్ము, ఎర్రటి పొట్ట, రెక్కల మీద నీలం మచ్చలు. కుళ్లిన మాను మీద నిలబడి, రొమ్ము విరుచుకుని, ముక్కు పైకెత్తి కూస్తోంది. దేవుణ్ణి స్తుతిస్తున్నట్టుంది అన్నారు పాస్టర్ మార్టిన్ గారు. వచ్చే ఏడాది సంఘం క్యాలెండర్ మీద ఇదే వేద్దామన్నారు. మా సంఘం క్యాలెండర్ అంటే భిలాయిలో, కోహ్కాలోనూ వైశాలి నగర్‌లోనూ తెలుగు విశ్వాసుల ప్రతి ఇంటి గోడ మీదా ఏడాది పొడుగునా ఉండేది. పైన బొమ్మ, కింద ఆ సంవత్సరానికి వాగ్దానంగా ఒక బైబిల్ వాక్యం. మా ఇంట్లో దాని మేకు వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కనే. అంటే ఏడాదంతా నేను తాలింపు వేస్తూ ఆ పిట్ట మొహం చూడాలి. ఎలాగైనా అది గోడ ఎక్కకుండా ఆపాలనుకున్నాను.

స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో క్రేన్ నడిపి రిటైరయ్యాక మా ఆయనకు పక్షుల పిచ్చి పట్టింది. మొదట్లో నాకూ బాగానే ఉండేది. చలికాలం పొద్దున్నే స్కూటర్ మీద మరోడా చెరువు గట్టుకు వెళ్లి, ఫ్లాస్కులోని టీ తాగుతూ బాతులను చూసేవాళ్లం. తర్వాత కెమెరా వచ్చింది. కెమెరాకు మూరెడు లెన్సు వచ్చింది. లెన్సు వచ్చాక చూడటం పోయి పట్టడం మొదలైంది. ఫలానా పిట్ట రాయపూర్ ఫోటోల జట్టు వాళ్లకు దొరికింది, మనకు దొరకలేదని అన్నం మానేసే దాకా వచ్చాడు. చివరికి ఆ రాయపూర్ జట్టుతోనే ఉగాండా ప్రయాణం కట్టాడు. నన్నూ రమ్మన్నాడు. సంతోషంగానే వెళ్లాను, అబద్ధమెందుకు.

ఆ అడవి ఎంత బాగుందో చెప్పలేను. చెడగొట్టింది మేమే. పిట్ట కనిపించగానే టకటకా ఫోటోలు కొట్టడం, కెమెరా వెనక బొమ్మ చూసుకోవడం, అది ఇంకా కొమ్మ మీద ఉండగానే ఇంకో పిట్ట కోసం పరుగు. భోజనాల దగ్గర ఎవరికెన్ని కొత్తవి దొరికాయన్న లెక్కలు, వాటి మీద దెప్పుళ్లు. పెళ్లి విందులో స్వీట్ల దగ్గర తోసుకునే జనం వీళ్లకన్నా నయం.

అందరూ అంతదూరం వచ్చింది ఆ ఆకుపచ్చ రొమ్ము పిట్ట కోసమే. మా గైడ్ పేరు మోజెస్. తన ఫోనులోంచి ఆ పిట్ట కూత ఒకసారి వినిపించాడు. అది వింటే అసలు పిట్ట, తన చోటులోకి ఇంకోటి చొరబడిందనుకుని కొట్లాటకు వస్తుందట. పొదల్లోంచి వచ్చింది, ఇలా కనిపించి అలా పోయింది. గూట్లో పిల్లలున్నాయి, ఇక చాలు అని మోజెస్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఎవరికీ ఫోటో సరిగ్గా రాలేదు. మా ఆయనకు అసలే రాలేదు.

మోజెస్ దారి చూడటానికి ముందుకు వెళ్లగానే మా ఆయన సంచిలోంచి స్పీకర్ తీశాడు. అది మా కుటుంబ ప్రార్థన స్పీకర్. రోజూ పొద్దున్నే దాన్లోంచి కీర్తనలు వస్తే, వాటి వెనకాల మేం పాడతాం. దాన్ని ఒక కుళ్లిన మాను పక్కన పెట్టి, తన ఫోనులోంచి పిట్ట కూత పెట్టాడు. పెద్దగా పెట్టాడు, ఆపకుండా పెట్టాడు.

మగపిట్ట వచ్చింది. దాని వెనకే ఆడది కూడా వచ్చింది. రెండూ మాను మీద ఎగిరెగిరి పడుతూ, లేని శత్రువును వెతుక్కుంటున్నాయి. నా కన్ను పక్క చెట్టు మీది ఆకుల గూటి మీద పడింది. అక్కడ ఒక పెద్ద నల్ల పక్షి వాలి ఉంది. ముక్కు లోపలికి దూర్చి, ఈకలు రాని పిల్లను బయటికి లాగింది. ఆ పిల్ల కాళ్లు కొట్టుకోవడం నాకు కనిపించింది.

"ఏవండీ, గూడు. గూడు చూడండి," అన్నాను.

మా ఆయన కంటి దగ్గర్నుంచి కెమెరా తీయకుండానే ఎడమ చేయి వెనక్కి చాపి, ఊరుకో అన్నట్టు ఊపాడు. కుక్కను అదిలించినట్టు. రాయపూర్ జట్టులో ఒకాయన నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. కెమెరాల టకటకలు ఆగలేదు. నల్ల పక్షి ఇంకో పిల్ల కోసం మళ్లీ వచ్చింది. నేనే వాళ్లను తోసుకుని వెళ్లి స్పీకర్ మీట నొక్కి ఆపేసరికి గూడు ఖాళీ అయిపోయింది.

తిరిగొచ్చిన మోజెస్ గూడు చూశాడు, స్పీకర్ చూశాడు. వెళ్లి ఆ చెట్టు కింద నిలబడ్డాడు. వీళ్లేమో అక్కడే దుంగ మీద కూర్చుని, లాడ్జి వాళ్లిచ్చిన డబ్బాలు విప్పి, ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకుని ఉప్పు అద్దుకుని తిన్నారు. మా ఆయన నాకూ ఒకటి ఒలిచి ఇచ్చాడు. నేను పొదల చాటుకు వెళ్లి కక్కుకున్నాను.

"నువ్వు మరీ ఎక్కువ సేస్తన్నావు," అన్నాడు గదికి వచ్చాక. "అడివిలో రోజూ జరిగేదే కదేటి అది."

"రోజూ జరిగేదానికి మన స్పీకర్ ఏల?"

ఆయన కెమెరాలో ఫోటోలు చూసుకుంటున్నాడు.

భిలాయి వచ్చాక మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం. దూర ప్రయాణం నుంచి క్షేమంగా వస్తే అది మా వాళ్ల అలవాటు. పాట, ప్రార్థన, వెళ్లొచ్చినవాళ్ల సాక్ష్యం, తర్వాత బిర్యానీ. పాస్టర్ గారు అప్పటికే క్యాలెండర్‌కు అనుకున్న ఆ ఫోటోను మా ఆయన టీవీలో పెట్టి సాక్ష్యానికి లేచాడు.

"ఈ పిట్ట ఎవులికీ దొరకదు. నాను మోకాళ్ల మీద ఉండి ప్రార్థన సేసినాను. ప్రభువా, నీ సృష్టిని ఒక్కపాలి సూపించు అన్నాను. కళ్లు తెరిసేసరికి ఎదురుగా వొచ్చి కూకుంది. ఎగిరిపోనేదు సూడండి, అదీ అద్భుతం."

అందరూ ఆమేన్ అన్నారు. ఆయన మోకాళ్ల మీద ఉన్న మాట నిజమే. స్పీకర్ పెట్టడానికి మోకరించాడు.

"డోర్కాసమ్మగారూ, మీరూ రెండు మాటలు చెప్పండి," అన్నారు పాస్టర్ గారు.

సాక్ష్యమని పేరు పెట్టి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. లేచి మొత్తం చెప్పాను. స్పీకర్ సంగతి, గూడు సంగతి, ఈకలు రాని పిల్లల సంగతి. చెబుతుంటే మా ఆయన ఎడమ చేయి లేచి, ఊరుకో అన్నట్టు ఊగింది. అదే చేయి, అదే ఊపు. నేను ఊరుకోలేదు.

"ఫోటోలో కింద, మాను పక్కన నల్లగా అగుపడతంది సూడండి. అదే మా స్పీకరు. ఆ పిట్ట స్తుతి సెయ్యట్లేదు. దాని పిల్లల్ని తినేస్తంటే అది ఒట్టి డబ్బాతో కొట్లాడతంది. దీన్ని మన క్యాలెండర్ మీద వెయ్యొద్దు."

నాకు గుండె తేలికపడింది. పక్కింటి కోడలు జూడీ, "హాయ్, బేచారీ," అని జాలిగా గొణిగింది. క్యాలెండర్ అచ్చువేసేది శామ్. హథ్‌ఖోజ్‌లో అతనికి ప్రెస్సుంది. అతను లేచి టీవీ దగ్గరికెళ్లి, ఫోటో కింది మూలకు మొహం ఆనించి చూశాడు. నేను అతని మీదే ఆశ పెట్టుకున్నాను. వెయ్యనంటే అతనే అనాలి.

"అవునాంటీ, అగుపడతంది," అన్నాడు. "ఏటీ టెన్షన్ లేదు. వాక్యాన్ని కొంచెం పైకి జరిపీసి దాని మీద వేసీగలను. పతా భీ నహీ చలేగా, ఎవులికీ తెలీదు."

పాస్టర్ గారు ఊపిరి పీల్చుకున్నారు. "అలాగైతే ఇబ్బంది లేదు కదా," అని ముగింపు ప్రార్థన చేశారు. పిట్ట పిల్లల గురించి ఎవరూ అడగలేదు. మా ఆయన శామ్ బిర్యానీలో ఇంకో గుడ్డు వడ్డించాడు.

జనవరి ఒకటిన మా వంటింటి మేకుకు క్యాలెండర్ ఎక్కింది. అచ్చు బాగా వచ్చింది, పిట్ట కంట్లో మెరుపు కూడా తెలుస్తోంది. పక్షులను పోషించేది దేవుడే అన్న వాక్యం బంగారు అక్షరాల్లో ఉంది, సరిగ్గా స్పీకర్ ఉన్న చోట.

మా ఆయన దాని కిందనే స్పీకర్ పెట్టి ప్రార్థనకు పిలిచాడు. కీర్తన మొదలైంది. నేను వెళ్లి ఆపేశాను. అడవిలో నొక్కిన మీటే.

"ఏటైంది?" అన్నాడు.

"నోటితో పాడండి," అన్నాను.

ఇన్నేళ్లుగా స్పీకర్ వెనకాల పాడిన మనిషికి సొంతంగా ఒక్క చరణం రాదు. ఆ పిట్ట బొమ్మ కింద రొమ్ము విరుచుకుని, నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. నేను పొయ్యి వెలిగించి తాలింపు పెట్టుకున్నాను.