నిండనివ్వండి

"కింద నీళ్లొచ్చినట్టున్నాయి, కాస్త చూడు" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా.

చూడటమంటే ఆ ఇంట్లో చూడటం కాదు. చెప్పులు విప్పి, బట్టలు మోకాళ్లదాకా మడిచి, సెల్లార్‌లోకి దిగడం. చెంబుతో తోడి బకెట్లో పోసి, ఆ బకెట్టు ఎత్తుకుని మెట్లెక్కి వీధి కాలవలో పారబోసి, మళ్లీ దిగడం. చెంబుకి అందనంత తగ్గాక గుడ్డతో అద్ది పిండటం. ఆ తర్వాత కాఫీ కలిపి అందరికీ ఇచ్చి, ఆఫీసుకి పరుగెత్తడం. వాన పడిన ప్రతి పొద్దునా ఇదే వరస. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో, మొదటి వానకే, అత్తగారు చెంబు చేతికిస్తూ "ఈ ఇంటి కోడలికి ఈత రాకపోయినా ఫర్వాలేదమ్మా, తోడటం మాత్రం రావాలి" అన్నారు. ఆమె నవ్వింది. హాస్యమనుకుంది. అది ఉద్యోగ నియామకమని అర్థమయ్యేసరికి పిల్ల స్కూలుకెళ్లే వయసుకొచ్చింది.

భర్త ఏమీ చెయ్యలేదనడానికి లేదు. లోపలి గోడలకి నీళ్లు పట్టని రంగు వేయించాడు. వానాకాలం రాగానే ఆ రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా రాలింది. ఇంకా మంచిరకం తెప్పించి మళ్లీ వేయించాడు, దానికీ అదే గతి. ఆ తర్వాత "ఇది నేల ఊట, భూమిలోంచి వచ్చేదాన్ని ఎవడాపగలడు" అని తేల్చేశాడు. తేల్చెయ్యడం ఆయనకి బాగా చేతనవును. ఎవడూ ఆపలేనిదాన్ని ఒకతె మాత్రం రోజూ తోడిపోయగలదన్న విషయంలో ఆయనకి ఏ అనుమానమూ రాలేదు. చుట్టాలొస్తే, మా ఆవిడకి ఆ మెట్లతోనే వ్యాయామం అయిపోతుంది, వేరే నడక అక్కర్లేదని నవ్వించేవాడు.

ఆమె పనిచేసేది బీమా ఆఫీసులో. ఎవరింట్లో నిప్పంటుకున్నా, పైకప్పు కారినా, ఆ నష్టం తాలూకు కాగితాలు ఆమె టేబుల్ మీదికే వచ్చేవి. ఆ పొద్దున ఆమె ఆలస్యంగా చేరేసరికి మేనేజరు గదిలోకి రమ్మన్నాడు. ఆమె దగ్గరే పని నేర్చుకున్నతన్ని విభాగానికి పెద్దగా వేశామని చెప్పాడు. "మీరు సమర్థులే, కాదనను. కానీ వానొస్తే మీరు వేళకి రారు కదా. ఇంటి బాధ్యతలున్నవాళ్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం? మీ మంచికే" అన్నాడు. సెల్లార్ తడి ఆరకుండానే తొడుక్కున్న మేజోళ్లు బూట్లలో వేళ్లకి అతుక్కుని ఉన్నాయి. ఆ వాసన ఆయనదాకా పోతోందేమోనని పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది. గదిలోంచి బయటికొచ్చాక ఆమెకి కోపం తెప్పించింది పదవి చెయ్యిజారడం కాదు, ఆ పాదాలు లాక్కోవడం.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ రోజు చూసిన కాగితాలు తలుచుకుంది. ఒకాయన గోడంతా చెమ్మెక్కిందని రాస్తే, ఫోన్ చేసి ఎన్ని ప్రశ్నలు వేసిందో. ఎటువైపు గోడ? బయట ఏముంది? నీళ్లు ముందు ఎక్కడ కనిపించాయి? ముక్కూమొహం తెలియనివాళ్లని ఇంతలా అడుగుతుందే, మరి తన ఇంట్లో, తన చేతులతో ఇన్నాళ్లూ తోడిన నీళ్లని ఒక్కసారైనా ఎక్కణ్ణించి వస్తున్నాయని అడిగిందా? అడగలేదు. ఎందుకంటే చెంబు చేతికిచ్చినప్పుడు జవాబు కూడా చేతికిచ్చేశారు. ఊట, అంతే. మొగుడి కోపం, అత్తగారి మోకాళ్ల నొప్పి, సెల్లార్‌లో ఊట. ఇవి ఉంటాయి, సర్దుకోవాలి. సర్దుకోవడంలో తను ఎంత ఆరితేరిందంటే, సర్దుకోకపోతే ఏమవుతుందో చూడాలన్న కుతూహలం కూడా చచ్చిపోయింది. ఇక చూడాలనుకుంది. నిజంగానే చూడాలి, రెండు కళ్లతో.

తర్వాతి పెద్దవాన సెలవురోజున వచ్చింది. ఆమె బకెట్టు ముట్టుకోలేదు. గొడుగు తీసుకుని బయటికి నడిచింది. ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరిగి, వెనక మూల దగ్గర ఆగిపోయింది. డాబా మీది నీళ్లన్నీ ఒక గొట్టంలోంచి దిగి, గోడని ఆనుకుని ఉన్న పూలమడిలో పడుతున్నాయి. మడి చుట్టూ ఇటుకల కట్ట. మట్టేమో గోడవైపే వాలి ఉంది. నీళ్లు నిండుతున్నాయి, సుడి తిరుగుతున్నాయి, గోడ మొదట్లో గుటకలేస్తూ మాయమైపోతున్నాయి.

భర్త కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏంటా పిచ్చి, తడిసిపోతావు. అవతల సెల్లార్ నిండిపోతోంది."

"నిండనివ్వండి" అంది ఆమె, అక్కణ్ణించి కదలకుండా.

ఆయనకి సరిగా వినపడలేదేమోనని మళ్లీ చెప్పింది. నిండింది కూడా. ఆయన పాత క్యారమ్ బోర్డు, క్రికెట్ కిట్టు తేలడం మొదలుపెట్టాక మొట్టమొదటిసారి ఆయన బకెట్టు పట్టుకున్నాడు. సాయంత్రానికి నడుం పట్టుకుని మంచమెక్కాడు. ఆమె నడుముకి వేడి కాపడం పెట్టింది. కింద మిగిలిన నీళ్లు మాత్రం తోడలేదు.

మర్నాడు మేస్త్రీని పిలిపించింది. అతను గుమ్మంలో నిలబడి "సార్ లేరా అమ్మా?" అన్నాడు.

"ఉన్నారు. కానీ తోడింది నేను. నాతో మాట్లాడండి."

పని కష్టమైనది కాదు, కానీ పూలమడి తవ్వెయ్యాలి. అక్కడే వచ్చింది చిక్కు. అత్తగారు పెరటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నోరు చేసుకోలేదు. కోడలు పక్కన గొంతుక్కూర్చుంటే, ఈ ఇంట్లో ఎవరూ చెప్పకుండా నేను చేసిన పని అదొక్కటేనే, అన్నారు మెల్లగా. మామగారికి పూలంటే గిట్టేది కాదట. దండగపని అనేవారట. అయినా ఆవిడే ఇటుకలు మోసుకొచ్చి మడి కట్టుకున్నారట. పనులన్నీ అయ్యాక అక్కడ నిలబడితే ఎవరూ పిలిచేవారు కాదట.

ఇన్నాళ్లూ తను తోడింది ఈవిడ ఊపిరి పీల్చుకున్న చోటి నీళ్లనా? ఒక్క క్షణం, మేస్త్రీని పంపేద్దామా అనిపించింది. అదే తను చేస్తూ వచ్చిన పని కదా, ఎవరికీ నొప్పి కలగకుండా తను వంగడం. ఈసారి వంగదలచుకోలేదు.

"అత్తయ్యా, మడి తియ్యక తప్పదు. మొక్కలు మాత్రం చావనివ్వను. నా చేత్తో ముందువైపు నాటుతాను. ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి."

అత్తగారు లేచి కుర్చీ పక్కకి జరిపారు.

ఆమె ఆఫీసుకి సెలవు పెట్టి, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని మొక్కలన్నీ వేళ్లతో సహా లేపింది. కొన్ని బతికాయి. రెండు గులాబీలు ఎంత చేసినా నిలవలేదు, వాటికి అత్తగారు ఆమెని ఏమీ అనలేదు, అలాగని ఓదార్చనూ లేదు. మేస్త్రీ మనుషులు పునాది కనిపించేదాకా తవ్వారు. గోడ పొడవునా బీట, వేలు పట్టేంత. దాన్ని ఉలితో వెడల్పు చేసి, సిమెంటు కూరి, బయటంతా తారు పూశారు. అడుగున కంకర పోసి, మట్టి కప్పి, వాలు గోడకి ఎడంగా తిప్పారు. డాబా గొట్టాన్ని వీధి కాలవదాకా పొడిగించారు. ప్రతి పనీ ఆమె దగ్గరుండి చూసుకుంది. వాలు సరిగా కుదరలేదని ఒకచోట మళ్లీ తవ్వించింది. మేస్త్రీ విసుక్కున్నాడు, అయినా తవ్వాడు.

ఆ తర్వాత వానలు పడ్డాయి, మబ్బుకి చిల్లుపడ్డట్టే పడ్డాయి. ఆమె చీపురు పట్టుకుని సెల్లార్‌లోకి దిగితే దుమ్ము లేచింది. ఆ గదిలో దుమ్ము చూడటం అదే మొదటిసారి. మెట్టు మీద కూర్చుని, తుమ్ముతూ, ఒక్కతే నవ్వుకుంది. మేనేజరు దగ్గరికెళ్లి, వచ్చేసారి ఆ పదవికి తను పోటీ పడుతున్నానని ముందే చెప్పొచ్చింది. ఆయన చూద్దామన్నాడు. అడగడం మానననుకుంది.

భర్త ఫోన్లో తమ్ముడికి "మొత్తానికి సెల్లార్ బాగుచేయించేశాన్రా" అని చెప్పడం ఆమె చెవిన పడింది. ఆ ఆదివారం భోజనాల దగ్గర, కింద తన ఆఫీసు పెట్టుకుంటానన్నాడు. ఒక సోఫా వేస్తే స్నేహితులొచ్చినప్పుడు కూర్చోడానికి బాగుంటుందట. గోడలకి ఏదైనా లేతరంగు చూడమని ఆమెకి పురమాయించాడు.

ఆమె మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆ గది నేను తీసుకుంటున్నాను."

"నువ్వా? అక్కడేం చేస్తావు?"

కారణాలు చాలానే నాలుక చివరికొచ్చాయి. చదువుకుంటాను, కుట్టుమిషను పెట్టుకుంటాను, ఆఫీసు పని తెచ్చుకుంటాను. ఏది చెప్పినా ఆయన తూకం వేస్తాడు, ఆ పనికి అంత గది ఎందుకంటాడు. ఒక్కో కారణాన్నీ లోపలికే మింగేసింది.

"ఏమీ చెయ్యను. తలుపేసుకుని కూర్చుంటాను."

భర్త తల్లివైపు తిరిగాడు. "వింటున్నావా అమ్మా?"

అత్తగారు తొందరేం పడలేదు. ఆఖరి ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. అప్పుడు కొడుకుని దాటుకుని వచ్చి కోడలి పక్కన నిలబడ్డారు.

"నాక్కూడా ఒక కుర్చీ వెయ్యి" అన్నారు. "నేనేం మాట్లాడనులే."